చింతపండు సంచిలో రాక్షసుడు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు. ఈ వారం నేను చెప్పబోయేది ఎవరి నోటా విన్నది కాదు, ఈ రెండు కళ్ళతో చూసింది. ఎనభై నాలుగో సంవత్సరం, శ్రావణ శుక్రవారం పొద్దున్న, రామచంద్రపురం మెయిన్ బజారులో కుక్కుటేశ్వరరావు గారింట్లో సావిడి మూలనున్న బెల్లం బుట్ట మీద నేనే కూర్చుని ఉన్నాను. అబద్ధమాడటం నాకు చేతకాని విద్య. మా వీధి బడిలో అది నేర్పిన రోజున నాకు చలిజ్వరం.

సరే, సంగతిలోకి వద్దాం. కుక్కుటేశ్వరరావు గారు అన్నం మానేసి అప్పటికి మూడు రోజులు. కడుపు మాడ్చుకుంటున్నారని కాదు, విస్తరి ముందు కూర్చోవటం మానేశారు. కోపం చల్లారిపోకుండా పెసరట్లు నించునే తింటున్నారు.

ఆయన చేతిలో ఒక కాగితం సంచి ఉంది. నిలువునా చింపిన చింతపండు సంచి. లోపలి వైపు పైకి తిప్పి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, మళ్ళీ చూశారు. ఆ మూడు రోజుల్లో అలా చూడటం అది నూటపదహారోసారి.

"ఏమే, ఇలా రా" అని భార్యని పిలిచారు. "నా చెవుల్లో వెంట్రుకలెన్ని?"

మహాలక్ష్మమ్మ గారు పప్పు గరిటె చేత్తో పట్టుకునే వచ్చారు. "ముప్పై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ లెక్కపెట్టలేదండీ."

"నువ్వు లెక్కపెట్టలేదు. నీ కోడలు లెక్కపెట్టింది. ఎడం చెవిలో ఏడు, కుడి చెవిలో తొమ్మిది. పొద్దున్న అద్దంలో చూసుకున్నాను. ఒక్కటి తేడా లేదు."

"మరి సరిగ్గానే ఉన్నప్పుడు..."

"మహాలక్ష్మీ!"

ఆవిడ గరిటె కొంగు చాటుకి తీసుకున్నారు.

ఆ కాగితం మీదున్నది ఒక రాక్షసుడు. తాటిచెట్టంత కాటా ముందు బాసింపట్టు వేసుకుని, ఒక పళ్ళెంలో సూర్యుణ్ణి పెట్టి తూస్తున్నాడు. కుక్కుటేశ్వరరావు గారి కళ్ళజోడు కాడ విరిగితే నల్లదారంతో కట్టుకున్నారు. రాక్షసుడూ అలాగే కట్టుకున్నాడు. ఆయన పొట్ట మీద బనీను చిరుగు ఎక్కడుందో రాక్షసుడికీ అక్కడే ఉంది. కొమ్ములు రెండూ మాత్రం గీసినవాళ్ళ సొంత ఊహ.

గీసిన మనిషి కాగితాల గదిలో ఉంది. ఉంది అనటం కంటే ఉంచారు అంటే బాగుంటుంది. మంగళవారం సాయంత్రం నుంచీ ఆ గది తలుపుకి బయట గడియ వేస్తున్నారు. స్నానానికీ భోజనానికీ మహాలక్ష్మమ్మ గారు తీస్తారు, మళ్ళీ వేస్తారు. వేసేటప్పుడు ప్రతిసారీ "ఏమనుకోకమ్మాయ్" అంటారు.

అమ్మణ్ణి ఏమీ అనుకోలేదు. అనుకోవటానికి బోలెడంత తీరిక ఉన్నా, ఆమె బుర్రంతా ఒకే ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయింది.

పెనుగొండ నుంచి కోడలిగా వచ్చిన ఈ రెండేళ్ళలో ఆమె మధ్యాహ్నాలన్నీ ఆ గదిలోనే గడిచాయి. కిరాణా కొట్టుకి కావలసిన సంచులు అంటించటం ఆ ఇంటి ఆడవాళ్ళ పని. సినిమాహాల్లో మిగిలిపోయిన వాల్‌పోస్టర్లు మామగారు మోపులకి మోపులు తెస్తారు. రంగు సరుకుకి అంటకూడదు కనుక హీరోల మొహాలు బయటికి, తెల్లవైపు లోపలికి పెట్టి మైదా జిగురుతో అంటించాలి. ఆ తెల్లవైపు చూసీ చూసీ, ఒకరోజు జిగురు రాయబోయే ముందు అమ్మణ్ణి పెన్సిలు తీసింది.

చింతపండు సంచుల్లోనే గీసేది. పప్పు సంచి మూతి విప్పి డబ్బాలో ఒంపేస్తారు, చింతపండు మాత్రం సంచికి అంటుకుంటుంది. నిలువునా చింపితే గాని రాదు. నిలువునా చింపితే గాని బొమ్మ కనబడదు. కార్బన్ కాగితం వేసి ఒక్కో బొమ్మా విడతకి అయిదేసి చొప్పున, విడత మీద విడత తీసేది. వారానికో బొమ్మ. అలా ఎనిమిది నెలలు నడిచిందా కథ.

కాటా రాక్షసుడు దొరికిందల్లా తూస్తాడు. ఎండని తూచాడు, కాలవ చప్పుణ్ణి తూచాడు, ఆడవాళ్ళ నవ్వు తూచి తరుగు తీశాడు. ఒక పిల్లని తూచి, ముల్లు అటూ ఇటూ ఊగుతుంటే విసుగొచ్చి, ఊరగాయ జాడీలో పెట్టి మూత వేశాడు. జాడీలో పిల్ల రోజురోజుకీ చిన్నదైపోతోంది. సంక్రాంతి నాటికి చేటంత. వేసవికి గుప్పెడంత. చివరి సంచిలో ఉప్పురాయంత. ఇంక చీమ దూరే సందు దొరికితే చాలు, బయటపడిపోతుంది.

బయటపడే బొమ్మ గీయాల్సిన వారంలోనే మంగళవారం వచ్చిపడింది.

ఊరంతా చూసిన బొమ్మల్ని ఆ ఇల్లొక్కటే చూడలేదు. ఎలా చూస్తుంది? కొట్టు యజమాని ఇంట్లోకి సరుకు సంచిలో రాదు, బస్తాలోంచి చేటలో వస్తుంది. మంగళవారం పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళిన కుక్కుటేశ్వరరావు గారు, సత్రంలో పక్కవాళ్ళు పులిహోర కోసం చింపిన సంచిలో తన మొహం తాను చూసుకున్నారు. "కాటా రాక్షసుడండీ, మీకు తెలీదా? మీ ఊరి సంచే!" అని సత్రం సత్రమంతా ఆశ్చర్యపోయింది.

"అడగవే దాన్ని" అన్నారాయన ఇప్పుడు, తలుపు వంక చూడకుండా. "ఈ ఇంట్లో ఏం తక్కువ చేశామో అడుగు."

మామగారు కోడలితో నేరుగా మాట్లాడే ఆచారం ఆ ఇంట్లో లేదు. తిట్లు కూడా మహాలక్ష్మమ్మ గారి మీదుగానే ప్రయాణం చెయ్యాలి.

"ఏం తక్కువ చేశామో చెప్పమంటున్నారమ్మాయ్."

తలుపు అవతల నుంచి నెమ్మదిగా జవాబొచ్చింది. "తక్కువ చేశారని ఎక్కడా గీయలేదు అత్తయ్యా."

"తక్కువ చేశామని గీయలేదటండీ."

"కొమ్ములెందుకు పెట్టిందో అడుగు!"

"కొమ్ములెందుకు పెట్టావమ్మా?"



"కొమ్ములు లేకపోతే మామయ్యగారని అందరికీ తెలిసిపోతుందని అత్తయ్యా."

మహాలక్ష్మమ్మ గారికి ఈ మాట ఎత్తటానికి బలం చాల్లేదు. "సరిగ్గా వినబళ్ళేదండీ" అన్నారు.

"నాకు వినబడింది!"

సావిట్లో ఇంకో మనిషి ఉన్నాడు. జోగేశ్వరరావు, అమ్మణ్ణి మొగుడు. గడప దగ్గర గొంతుక్కూర్చుని కాటాలో వేసే పడికట్టు రాళ్ళు చింతపండుతో తోముతున్నాడు. మంగళవారం నుంచీ తోముతూనే ఉన్నాడు. అరకిలో రాయి అరిగి పావుకిలో అయిపోయిందని బజారులో చెప్పుకున్నారు. అది నేను నమ్మను గాని, మెరిసిపోతున్న మాట నిజం.

"ఒరేయ్ జోగులూ. ఎనిమిది నెలల్నించీ మన చింతపండు కోసం కోరంగి నుంచి, యానాం నుంచి జనం బస్సెక్కి వస్తుంటే నేనేమనుకున్నాన్రా?"

"ఏమనుకున్నారు నాన్నగారూ?"

"సరుకు మంచిదనుకున్నాన్రా" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో కోపం లేదు. తలుపు అవతల అమ్మణ్ణి గోడకి తల ఆనించింది. ఈ మనిషికి ఇంత మెత్తని గొంతుందని ముందే తెలిస్తే కొమ్ములు కొంచెం పొట్టిగా గీసేది.

అంతలో ఆయన మళ్ళీ ఆయనైపోయారు.

"సోమవారం రాజమండ్రి నుంచి ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. లోపలా బయటా అంతా ఒక్కటే. దాచుకోవటానికి చోటుండదు. ఆ పోస్టర్లన్నీ నీళ్ళకాగు కింద మంటలో పెట్టించు. పెన్సిలన్నది ఈ ఇంట్లో నాకొక్కడికే ఉండాలి. చెప్పు దానికి."

మహాలక్ష్మమ్మ గారు చెప్పనక్కర్లేకపోయింది. అమ్మణ్ణి కళ్ళ ముందు ఆ ఉప్పురాయంత పిల్ల కదిలింది. సందు దొరికింది, తల బయట పెట్టబోయింది. ఎవరో ప్లాస్టిక్ సంచి మూతి ముడి వేసేశారు.

* * *

"బొమ్మ లేని చింతపండు నాకొద్దండీ!"

ఆ కేక కొట్టులోంచి. కొట్టు ముందు, ఇల్లు వెనక, మధ్య ఒక్క గోడ. కేక తలుపులమ్మది. ఆవిడ కోరంగి దగ్గర పల్లెకారుల పాలెం మనిషి. పొద్దున్న చేపలు సంతలో దింపుకుని, తిరుగుబస్సుకి ముందు ఉప్పూ పులుపూ కొనుక్కుపోతుంది. సముద్రం పక్కన పుట్టిన గొంతు కనుక రహస్యం చెప్పినా రెండు వీధులు వింటాయి.

"నిన్న తెల్ల సంచి ఇచ్చారు. మొన్న తెల్ల సంచి ఇచ్చారు. పిల్ల బైటికొచ్చిందా లేదా? మా పాలెంలో పందాలు కట్టుకుని కూకున్నారండీ శావుకారుగారూ. మీరేమో నోరు మెదపరు!"

కుక్కుటేశ్వరరావు గారు కొట్టులోకి వెళ్ళారు. "ఇది చింతపండు కొట్టు. బొమ్మల కొట్టు కాదు."

"ఆయ్! చింతపండుదేముందండీ, ఎక్కడైనా దొరుకుద్ది. ఇదిగో, ఈ బాబుగారు మద్రాసు నుంచి రాత్రి రైలెక్కి వచ్చారు, పులుపు కోసమా?"

అప్పుడు చూశారాయన, తలుపులమ్మ వెనకాల నిలబడ్డ మనిషిని. ముప్పై అయిదేళ్ళుంటాయి. లాల్చీ, భుజానికి సంచి, వేళ్ళ నిండా ఇంకు మరకలు. పేరు జగన్నాథరావు అన్నాడు. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. పెట్టెలో చింపిన చింతపండు సంచులు, ఇస్త్రీ చేసి, వరసగా.

"ఈ కాటా గురించి మాట్లాడదామని వచ్చానండీ" అన్నాడు.

కుక్కుటేశ్వరరావు గారి మొహం పాలిపోయింది. "మొన్ననే ముద్ర వేయించామండీ. తూనికల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ముల్లు కొంచెం బిగుసుగా ఉంటుంది, అంతే."

"అయ్యో, నేను ఆ డిపార్ట్‌మెంటు కాదండీ. బొమ్మల సినిమాలు తీస్తాను."

సావిట్లో మడతకుర్చీ వేశారు. మహాలక్ష్మమ్మ గారు మంచినీళ్ళు తెచ్చారు. తలుపులమ్మ గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది, ఎవరూ కూర్చోమనకుండానే. జోగేశ్వరరావు రాళ్ళు వదిలేసి కాగితాల గది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. తలుపుకి అవతల అమ్మణ్ణి. ఇద్దరి మధ్యా అంగుళం మందం టేకు.

"తలుపులమ్మ గారి తమ్ముడు మద్రాసులో కాశిమేడు రేవులో పడవ మీద పని చేస్తాడండీ" అన్నాడు జగన్నాథరావు. "అలలు ఎలా విరుగుతాయో బొమ్మలు వేసుకుందామని ఆ పడవెక్కాను. పడవలో గది గోడంతా ఈ సంచులు అతికించి ఉన్నాయి. అలలు మానేసి రోజంతా ఇవే చూశాను."

"ఇవి పిల్లచేష్టలండీ."

"కాదండీ. అమెరికాలో పదిహేనేళ్ళ కిందట కొంతమంది కుర్రాళ్ళు ఇలాగే మొదలెట్టారు. పెద్ద పత్రికలు వాళ్ళ బొమ్మల కథలు వేసుకోవు. సొంతంగా అచ్చు వేసుకుని, చేతులు మార్చుకుంటూ, పెద్దవాళ్ళ కంట పడకుండా చదువుకున్నారు. అందులో మనుషులకి మొటిమలుంటాయి, చిరుగులుంటాయి, చెవిలో వెంట్రుకలుంటాయి. ఆ మొరటు గీతే తర్వాత బొమ్మల సినిమాల్లోకి ఎక్కింది. అంతకుముందు మాయాలోకమంటే నున్నటి రాకుమారులూ, పాలరాతి కోటలూ. ఈ గీత వచ్చాక మంత్రగాళ్ళకి కూడా గోళ్ళలో మట్టి కనబడింది. బొంబాయి ఫిల్మ్ సొసైటీలో అలాంటిదొకటి చూశానండీ. చూసి వచ్చి నా పాత బొమ్మలన్నీ పక్కన పడేశాను. మన దగ్గర అలాంటి చెయ్యి ఎక్కడుందా అని అయిదేళ్ళు వెతికాను. చింతపండు సంచిలో ఉంది."

అమ్మణ్ణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రపంచంలో ఇలా చాటుగా గీసుకునేది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎక్కడో సముద్రాల అవతల కూడా ఎవరో కాగితం లోపలి వైపు గీసుకున్నారు. వాళ్ళ గదికీ గడియ ఎటువైపు ఉండేదో.

"ఆ పిల్ల బయటికొస్తుందా నాయనా?" అని అడిగింది ఎవరో కాదు, మహాలక్ష్మమ్మ గారు. మొగుడి చూపు తగలగానే గ్లాసు అందుకుని వెనక్కి జరిగారు.

"అది తెలుసుకుందామనే వచ్చానమ్మా. ఆ చివరి బొమ్మ లేకపోతే సినిమా లేదు. ఎవరండీ గీసింది?"



కుక్కుటేశ్వరరావు గారు కండువా సర్దుకున్నారు. కొడుకు గీస్తే సరదా అంటారు. కోడలు గీస్తే పెంపకం అంటారు, కాపురం అంటారు, నవ్వుతారు. ఇది ఆయన పైకి అనలేదు గాని ఆయన కనుబొమ్మలు అన్నాయి.

"మా అబ్బాయే" అన్నారు. "జోగేశ్వరరావు."

జోగేశ్వరరావు తలుపుకి ఇంకా గట్టిగా అంటుకుపోయాడు. మెట్టు మీద తలుపులమ్మ అతని చేతుల వంక చూసింది. పడికట్టు రాళ్ళు తోమీ తోమీ చింతపండు మరకలతో నల్లబడ్డ చేతులు. "ఈ చేతులా?" అంది. ఆవిడ దృష్టిలో అది గొణుక్కోవటం.

ఇక్కడ చిన్న మాట. బెల్లం బుట్ట మీద కూర్చున్నానన్నాను కదా. ఆ రోజు నేను రావులపాలెం మార్కెట్లో అరటి గెలల మధ్య ఉన్నాను. అయినా బెల్లం బుట్ట మీద కూర్చుంటే కోమటింట్లో ఊరుకుంటారటండీ? సావిట్లో సంగతి తలుపులమ్మ చెప్పింది, అంతకుముందుదీ లోపలిదీ అమ్మణ్ణే చాన్నాళ్ళకి చెప్పింది. చూడకపోయినా చూసినవాడికంటే బాగానే చెబుతున్నాను కాబట్టి మీకొచ్చిన నష్టమేమీ లేదు.

జగన్నాథరావు లేచి జోగేశ్వరరావు చేతులు రెండూ పట్టుకున్నాడు. ఆ సంతోషంలో మరకలు చూడలేదు. సంచిలోంచి రెండు తెల్ల కాగితాలు, ఒక పెన్సిలు తీశాడు. కాగితాల అడుగున మూడేసి చిల్లులున్నాయి. మేకుల మీద పెట్టి, ఒకదాని మీద ఒకటి కదలకుండా గీసుకుంటారట బొమ్మల సినిమా వాళ్ళు.

"ఒక్కటి. ఆ చివరిది. మీ చేత్తో గీస్తుంటే చూడాలనుంది."

"మావాడికి సిగ్గండీ" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు, బేరంలో తూకం తగ్గినప్పుడు పలికే గొంతుతో. "నలుగురి ముందు గీయడు. లోపలికెళ్ళి గీసుకొస్తాడు. ఒరేయ్ జోగులూ, వెళ్ళరా. కొమ్ములు తీసేసి, కిరీటం పెట్టు. పిల్ల జాడీలో హాయిగా ఉన్నట్టు గీయి. గీయి, తెలిసిందా? గీయి."

* * *

జోగేశ్వరరావు లోపలికి వచ్చాడు. వెనకాల గడియ పడింది. గదిలో మైదా జిగురు పులిసిన వాసన. కిటికీ లేదు, పైన రెండు గాజు పెంకులు, అంతే వెలుతురు.

"అమ్మణ్ణీ."

ఆమె జిగురు గిన్నె పక్కకి జరిపింది.

"విన్నావు కదా. తొందరగా ఒకటి గీసిచ్చెయ్యి. బస్సు వేళవుతోందట ఆయనకి."

"ఏది గీయమంటారు? ఆయన అడిగిందా, మామయ్యగారు అడిగిందా?"

"రెండూ కలిపి గీయలేవా? సగం బయటికొచ్చినట్టు."

"సగం బయటికొస్తే ఇరుక్కుపోయినట్టండీ."

జోగేశ్వరరావు పోస్టర్ల మోపు మీద కూర్చున్నాడు. బయట కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్న తండ్రి అడుగుల చప్పుడు వినబడుతోంది.

"కింద పేరు ఎవరిది?" అంది అమ్మణ్ణి.

"పేరేముందిలే."

"ఏమీ లేకపోతే నాదే రాస్తాను."

"నీకు తెలీదు. సినిమా అంటే జిల్లాలు దాటిపోతుంది. కోడలు మామగారిని రాక్షసుణ్ణి చేసిందని లోకమంతా చెప్పుకుంటుంది. నాన్నగారు గుమ్మం దిగలేరు. మీ నాన్నగారు పెనుగొండలో తలెత్తుకోలేరు. నా పేరైతే కొడుకు అల్లరి అని నవ్వి ఊరుకుంటారు."

"మీరెప్పుడైనా అల్లరి చేశారా?"

జోగేశ్వరరావు నేల వంక చూస్తూ అన్నాడు.

"నాకు మొదటి సంచి నుంచీ తెలుసు."

అమ్మణ్ణి తలెత్తింది.

"కొట్టు ముందే సువార్తమ్మ టీచరు గారు చింపారు. చూశాను. నీ చెయ్యని తెలిసిపోయింది. మన ముగ్గులో కూడా నువ్వు చివర గీత అలాగే విరుస్తావు. ఆ రోజు నుంచీ నేనే వరస చూసి ఇచ్చేవాణ్ణి. మూడోది తీసుకోనివాళ్ళకి నాలుగోది పోతే కథ అర్థం కాదు కదా. యానాం వాళ్ళ సంచులు వేరే కట్ట పెట్టేవాణ్ణి, కోరంగి వాళ్ళవి వేరే."

ఆమె ఎనిమిది నెలలు ఈ గదిలో ఒంటరిగా ఉన్నాననుకుంది. గోడకి అవతల ఈ మనిషి తన బొమ్మల్ని వరస తప్పకుండా చేరుస్తున్నాడు.

"మరి ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబితే భయపడి మానేస్తావని."

గాజు పెంకు మీదుగా ఒక మబ్బు పోయింది. గది చీకటైంది, మళ్ళీ తేలింది.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను" అంది అమ్మణ్ణి. "నాకు చెప్పిన మాట బయటికెళ్ళి ఆయనకి చెప్పండి. ఇది మా ఆవిడ గీసింది, నేను సంచులు కట్టాను అని. అంతే. ఇంకేమీ అక్కర్లేదు. మీరు చెప్పినంతసేపట్లో నేను బొమ్మ గీసేస్తాను."

జోగేశ్వరరావు నోరు తెరిచాడు. ఆ నోట్లో మాట ఉంది. నాలుక దాకా వచ్చింది.

"ఒరేయ్ జోగులూ!" బయట నుంచి తండ్రి కేక. "ఆయన లేస్తున్నార్రా. అయిందా?"

తెరిచిన నోరు మూతపడింది. లేచి నిలబడ్డాడు. కాగితాలూ పెన్సిలూ ఆమె ఒళ్ళో పెట్టాడు, తలుపు తట్టాడు. మహాలక్ష్మమ్మ గారు తీశారు. అతను బయటికి వెళ్ళగానే తలుపు మూతపడింది.

"అయిపోవచ్చిందండీ" అన్నాడు జోగేశ్వరరావు అవతల. "కాస్త... ఆరాలి."

"పెన్సిలు ఆరటమేంటండీ?" అంది తలుపులమ్మ.

అమ్మణ్ణి గీసింది. ఆలోచించలేదు, మూడు రోజులుగా ఆలోచించినదే. జాడీ అడుగున చీమ దూరే సందు. సందులోంచి ఉప్పురాయంత పిల్ల బయటికి పాకుతోంది. పైన కాటా రాక్షసుడు, కొమ్ములు కొమ్ముల్లాగే ఉన్నాయి, కాని కళ్ళు మాత్రం "సరుకు మంచిదనుకున్నాన్రా" అన్న గొంతుకి తగిన కళ్ళు. రాక్షసుడి నీడలో ఒక సన్నటి మనిషి, చేతిలో వరసగా కట్టిన సంచుల కట్ట, నోరు తెరిచి ఉంది. ఏం చెప్పబోతున్నాడో తెలియదు. మూడు చిల్లుల పైన తన పేరు రాసింది. ఆ చేత్తో ఎన్ని వందల బొమ్మలు గీసినా, పేరు రాయటం అదే మొదలు.

"ఇంక వస్తానండీ" అంటున్నాడు జగన్నాథరావు. కుర్చీ మడత చప్పుడైంది. "గీసిన తర్వాత మద్రాసుకి పంపండి."

అమ్మణ్ణి లేచింది. కాగితం రెండు చేతులా పట్టుకుంది. తలుపు భళ్ళున తెరుచుకుంది. సావిడంతా కొయ్యబారిపోయింది. తలుపులమ్మ లేచి నిలబడింది, మహాలక్ష్మమ్మ గారి చేతిలో గ్లాసు జారింది. అమ్మణ్ణి మామగారి ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మద్రాసు మనిషి ఎదుట ఆగి, కాగితం ఆయన చేతిలో పెట్టి, "నేనండీ. నేను గీశాను" అంది.

ఎలా ఉంది? బావుంది కదూ?

ఆ తలుపు తెరుచుకోవటం నేను కల్పించింది. ఇంతవరకూ చెప్పినదాంట్లో అరిగిన రాయి సంగతి మీరే పట్టుకుని ఉంటారు, బుట్ట సంగతి నేనే ఒప్పుకున్నాను. ఇది మాత్రం మీరు పట్టుకోలేరు, అందుకని చెబుతున్నాను. తలుపెలా తెరుచుకుంటుందండీ, గడియ బయట ఉంటే? మొగుడు బయటికి రాగానే మహాలక్ష్మమ్మ గారు అలవాటు చొప్పున వేసేశారు. "ఏమనుకోకమ్మాయ్" అని కూడా అన్నారు.

జరిగిందేమిటంటే, అమ్మణ్ణి తలుపు నెట్టి చూసి, బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించింది. తలుపు కింద రెండు వేళ్ళ సందు. అందులోంచి కాళ్ళు కనబడుతున్నాయి. గుమ్మం దాకా వెళ్ళిన మద్రాసు చెప్పులు. మెట్టు మీద తలుపులమ్మ పగిలిన మడమలు. మామగారి బొటనవేలు, అసహనంగా నేలని కొడుతూ. అన్నిటికంటే దగ్గరగా, జానెడు దూరంలో, మొగుడి కాళ్ళు.

కాగితాన్ని పేరు వైపు ముందుకి పెట్టి సందులోంచి తోసింది. సగం బయటికి పోయింది. ఇంకొంచెం తోస్తే చాలు, జగన్నాథరావు వెనక్కి తిరిగితే చాలు.

జోగేశ్వరరావు కిందికి చూశాడో లేదో ఆమెకి కనబడలేదు. కుడికాలు లేచింది. వచ్చి కాగితం మీద పడింది. సరిగ్గా పేరు మీద.

తండ్రి చూడకుండా దాచాడా, మద్రాసు మనిషి చదవకుండా తొక్కాడా, ఇప్పటికీ అమ్మణ్ణి కూడా ఒక్కోరోజు ఒక్కోలా చెబుతుంది. ఇవతలి అంచు ఆమె వదల్లేదు. అవతల ఆ కాలు కదల్లేదు. మద్రాసు చెప్పులు మాత్రం ఒక మెట్టు దిగాయి.